ఇంటర్నెట్ పేర్ల వేలంపాటలో మోసాలు – ఒక పరిశీలన

వేలంపాట మన పల్లెలకు కొత్తది కాదు. చెరువులో చేపల పాట, దేవుడి మాన్యం కౌలు పాట, సంత ఆశీళ్ల పాట, వినాయక చవితి పందిట్లో లడ్డు పాట – వీటిని చూస్తూ పెరిగినవాళ్లమే మనలో చాలామందిమి. సర్కారువారి పాట అంటే ఏమిటో, ధరావతు ఎందుకు కట్టించుకుంటారో, హెచ్చుపాటదారు డబ్బు కట్టకపోతే ఏమవుతుందో చదువురాని ముసలాయన కూడా చెప్పగలడు. దొంగపాట సంగతీ చెప్పగలడు. దొంగపాట పాడేవాడికి కొనే ఉద్దేశం వుండదు; తనవాళ్ల సరుకుకు ధర ఎక్కించడమే అతని పని. మరోపక్క పాటగాళ్లంతా ముందే కూడబలుక్కుని ధర లేవకుండా చూసుకోవడమూ వుంది. దాన్నే రింగు కట్టడం అంటారు. వేలంలో మోసం వేలమంత పాతది అనడం అతిశయోక్తి కాదు.

ఇంత అనుభవం వున్న మనవాళ్లే ఇంటర్నెట్‌లో డొమైన్ పేర్ల వేలానికి వచ్చేసరికి చిన్నపిల్లల్లా మోసపోతున్నారు. ఎందుకని? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను కంప్యూటర్ సైన్సు విద్యార్థినే గాని న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. చట్టం ప్రస్తావన వచ్చినచోట తీర్పులలో చదివి తెలుసుకున్నంతవరకే చెబుతాను.

మాది వెలిగండ్ల. మా ప్రాంతపు పొగాకు రైతులు బేళ్లను కనిగిరి వేలం కేంద్రానికి తోలుతారు. పొగాకు బోర్డు 1976 జనవరి 1న ఏర్పడింది. ఆంధ్రలో బోర్డు ఆధ్వర్యంలో వేలం 1985లో మొదలయింది. అంతకుముందు వ్యాపారి చెప్పిందే ధర, ఇచ్చిందే డబ్బు. వేలం వచ్చాక కూడా రైతుకు కష్టాలు తీరలేదన్న మాట నిజమే. నోబిడ్ అయిన బేళ్లను వెనక్కి తోలుకొచ్చిన రోజులు మా ఇంట్లోనూ వున్నాయి. అయినా ఆ వేలంలో మూడు సంగతులు గమనించండి. ఒకటి, బేలు ఎదురుగా వుంటుంది. కొనేవాడు ఆకు లాగి, నలిపి, వాసన చూసి మరీ ధర చెబుతాడు. రెండు, ఆ బేలు ఏ రైతుదో పుస్తకంలో రాసి వుంటుంది. మూడు, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బోర్డు నిలబడి వుంటుంది. డబ్బు బ్యాంకు ద్వారా రైతు ఖాతాకు చేరుతుంది. ఈ మూడింటిలో మొదటిది, అంటే సరుకు కంటికి కనబడడమనేది, డొమైన్ పేరు విషయంలో ఎప్పటికీ జరగదు. కనుక మిగతా రెండింటినీ కొనేవాడే స్వయంగా చూసుకోవలసి వుంటుంది. నేను చెప్పబోయేదంతా దీని వివరణే.

పేరు కొనడం అంటే ఏమిటి?

ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకు అంకెల చిరునామాలు వుంటాయి. అంకెలు గుర్తుపెట్టుకోవడం మనిషికి కష్టం. అందుచేత అంకెలకు బదులు పేర్లు వాడే పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. డాట్ కామ్ పేర్లలో మొట్టమొదటిది 'సింబాలిక్స్ డాట్ కామ్'. నమోదయింది 1985 మార్చి 15న. ఆంధ్రలో పొగాకు వేలం మొదలైన ఏడాదీ అదే కావడం కేవలం కాకతాళీయం! ఈ పేర్ల వ్యవస్థను సమన్వయపరచడానికి 1998లో అమెరికాలో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. డాట్ కామ్ పేర్ల అసలు పట్టీ వెరిసైన్ అనే కంపెనీ దగ్గర వుంటుంది. మన దేశపు డాట్ ఇన్ పట్టీ నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజి ఆఫ్ ఇండియా, క్లుప్తంగా నిక్సీ, చూస్తుంది. ఈ పట్టీ సంస్థలను రిజిస్ట్రీలు అంటారు. మనం నేరుగా వాటి దగ్గరికి పోము. రిజిస్ట్రార్లు అనే చిల్లర వర్తకుల ద్వారా పేరు నమోదు చేయించుకుంటాం.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. డొమైన్ పేరును ఎవ్వరూ శాశ్వతంగా కొనలేరు. ఒక విడతలో గరిష్ఠంగా పదేళ్లకు కౌలుకు తీసుకుంటాం, అంతే. ఏటా శిస్తు కడుతున్నంతకాలం అది మనది. కట్టకపోతే చెయ్యి జారుతుంది. డాట్ కామ్ పేరు గడువు దాటాక సుమారు 45 రోజుల వరకు మామూలు రుసుముతో పునరుద్ధరించుకునే వెసులుబాటును రిజిస్ట్రార్లు ఇవ్వవచ్చు. తర్వాత 30 రోజులు అదనపు రుసుము చెల్లించి విడిపించుకునే గడువు, ఆపైన 5 రోజులు రద్దుకు ఎదురుచూసే కాలం. అప్పటికీ ఎవరూ రాకపోతే ఆ పేరు బంజరు భూమిలా మళ్లీ అందరిదీ అవుతుంది.

చాలామంది రిజిస్ట్రార్లు అంతదాకా ఆగరు. గడువు దాటిన కొద్ది వారాలకే పేరును వేలానికి పెడతారు. వేలం ముగిశాక కూడా పాత యజమాని వచ్చి బకాయి కట్టి పేరు విడిపించుకుపోయే అవకాశం కొన్నిచోట్ల వుంటుంది. అలా జరిగినప్పుడు పాట రద్దయి కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఇది మోసం కాదు. కొత్తవాళ్లు దీన్ని మోసమనుకుని గోల చేస్తారు గాని, వేలం షరతులలో ఆ సంగతి రాసే వుంటుంది. అసలు మోసాలు వేరే వున్నాయి.

దొంగపాట

ఇంటర్నెట్ వేలాలలో ప్రాక్సీ పాట అనే సదుపాయం వుంది. మనం రోజంతా కూర్చోనక్కరలేదు. మన గరిష్ఠ ధర రహస్యంగా చెప్పి పెడితే, పోటీ వచ్చినప్పుడల్లా యంత్రమే మన తరఫున ఒక్కొక్క మెట్టు పెంచుతుంది. మీరు గరిష్ఠం 20,000 రూపాయలని పెట్టారనుకోండి. నిజమైన పోటీదారు 4,000 దగ్గర ఆగిపోయాడు. న్యాయంగా అయితే మెట్టు 250 అనుకుంటే పేరు మీకు 4,250కి రావాలి. ఇంతలో మూడో మనిషి ఒకడు దిగాడు. 5,000, 8,000, 12,000 అంటూ పోయి 19,250 దగ్గర ఆగాడు. మీరు 19,500కి గెలిచారు. నేననుకున్నదానికన్నా ఐదొందలు తక్కువకే వచ్చిందని సంతోషిస్తారు కూడా. నిజానికి మీ జేబులోంచి పదిహేను వేల పైచిలుకు పోయింది, పోయిన సంగతి కూడా మీకు తెలియదు. దొంగపాటలో వున్న దుర్మార్గం ఇదే. మోసపోయినవాడు గెలిచానని అనుకుంటాడు.

ఇది ఊహ కాదు. స్నాప్‌నేమ్స్ అనే పేరుమోసిన అమెరికన్ వేలం సంస్థ 2009 నవంబరులో ఒక విషయం బయటపెట్టింది. ఆ సంస్థ సొంత ఉద్యోగి ఒకడు 'హాల్వరెజ్' అనే మారుపేరుతో 2005 నుంచి తమ వేలాలలోనే పాటలు పాడుతూ వచ్చాడని! ఆ మారుపేరు తమ వేలాలలో సుమారు ఐదు శాతంలో కనబడిందని ఆ సంస్థే చెప్పింది. ఎక్కువ ధర కట్టినవారికి ఆ తేడాను 5.22 శాతం వడ్డీతో తిరిగి ఇస్తామని ముందుకు వచ్చింది. హాల్వరెజ్ అన్న పేరు పేర్ల వ్యాపారులలో అప్పటికే బాగా పరిచితం. బాగా డబ్బున్న ఎవరో ఆసామి అనుకున్నారు తప్ప లోపలి మనిషి అనుకోలేదు. వేలం నడిపే సంస్థ పెద్దది, నమ్మకమైనది అయినంతమాత్రాన పాటగాళ్లందరూ నిజమైనవాళ్లని అనుకోవడానికి వీల్లేదని ఈ ఉదంతం వల్ల తెలుస్తున్నది.

దీనికి పూర్తి విరుగుడు లేదు. పాటల చరిత్ర చూపించే వేలాలలో ఒక పని చేయవచ్చు. ఒకే అమ్మకందారు పెట్టిన పేర్లన్నిటిలోనూ ఒకే మారుపేరు పాడుతూ, ఎన్నడూ గెలవకుండా వుంటే అనుమానించాలి. మరో ఎత్తుగడ కూడా వుంది. దొంగపాటగాడు పొరపాటున మీ గరిష్ఠాన్ని దాటి గెలిచేస్తాడు. రెండు రోజులకు అమ్మకందారు మీకు ఉత్తరం రాస్తాడు: 'పై పాటదారు డబ్బు కట్టలేదు, మీరు చివరగా పాడిన ధరకే పేరు మీకిస్తాం' అని. ఇందులో మీరు చివరగా పాడిన ధర అనేదే ఆ దొంగపాటగాడు ఎక్కించిన ధర. అప్పుడు ఆ మనిషి రంగంలోకి దిగకముందు పాట ఎంత వుందో ఆ ధరకయితే తీసుకుంటానని చెప్పాలి. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయడమే.

దొంగసొత్తు

దొంగపాటలో పోయేది కొంత డబ్బు. దొంగసొత్తు కొంటే డబ్బూ పోతుంది, పేరూ పోతుంది.

గ్యారీ క్రెమెన్ అనే అమెరికన్ 1994లో ఒక డాట్ కామ్ పేరు నమోదు చేసుకున్నాడు. (ఆ పేరు విద్యార్థి సంఘం సంచికలో అచ్చు వేయదగినది కాదు. పాఠకులు మన్నించాలి.) 1995లో ఒక మోసగాడు ఒక ఫోర్జరీ ఉత్తరం సృష్టించి రిజిస్ట్రారుకు పంపాడు. రిజిస్ట్రారు యజమానిని ఒక్కమాటైనా అడగకుండా పేరు మార్చేశాడు. ఒక్క కాగితం! క్రెమెన్ కోర్టుకెక్కితే పేరు తిరిగి చేతికి రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. 2001లో మోసగాడు ఆరున్నర కోట్ల డాలర్లు చెల్లించాలని కోర్టు తీర్పు చెప్పింది గాని అప్పటికే అతగాడు దేశం దాటిపోయాడు. 2003లో అక్కడి అప్పీళ్ల కోర్టు డొమైన్ పేరు కూడా ఆస్తేనని, ఆస్తిని అన్యాయంగా మరొకరికి అప్పగించినందుకు రిజిస్ట్రారు బాధ్యుడు కావచ్చునని తేల్చింది. ఈ రంగంలో అది మైలురాయి వంటి తీర్పు.

వేలంలో కొనేవారికి ఇంకా దగ్గరి ఉదాహరణ 'పీ టూ పీ డాట్ కామ్' అనే పేరు. దాన్ని 2006లో యజమానుల ఖాతాలోకి చొరబడి ఒకడు దొంగిలించాడు. దొంగిలించినదాన్ని ఈబే వేలంలో పెట్టాడు. మార్క్ మాడ్సెన్ అనే బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు దాన్ని సుమారు 1,11,000 డాలర్లకు కొన్నాడు. అతనికి దొంగసొత్తన్న సంగతి తెలియదు. 2009లో న్యూజెర్సీ పోలీసులు దొంగను అరెస్టు చేశారు, 2011లో అతనికి ఐదేళ్ల శిక్ష పడింది. ఇక్కడ ఆలోచించవలసింది ఏమిటంటే, వేలం జరిగింది బహిరంగంగా, ప్రపంచమంతా చూస్తుండగా. పాట చట్టబద్ధంగానే సాగింది. పెట్టిన సరుకు మాత్రం అమ్మినవాడిది కాదు. తనకు లేని హక్కును ఎవడూ మరొకడికి ఇవ్వలేడన్నది పాత న్యాయసూత్రం. సరుకుల విషయంలో మన 1930 నాటి విక్రయ చట్టం 27వ సెక్షను కూడా ఆ మాటే చెబుతుంది.

పొలం కొనేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? ఈసీ తీయిస్తారు, లింకు దస్తావేజులు చూస్తారు, అడంగల్ చూస్తారు, చివరికి పక్క చేనివాణ్ణి కూడా అడుగుతారు. పేరుకు కూడా ఇలాంటి తనిఖీ వుంది, పైగా ఉచితం. ఇదివరలో దాన్ని హూయిజ్ అనేవారు. డాట్ కామ్ వంటి పేర్లకు 2025 జనవరి 28 నుంచి ఆ స్థానంలో ఆర్‌డాప్ అనే పద్ధతి వచ్చింది. 'లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్' అన్న చిరునామాలో పేరు కొడితే ఆ పేరు ఎప్పుడు పుట్టింది, ఏ రిజిస్ట్రారు దగ్గర వుంది, చివరిసారి ఎప్పుడు మార్పు జరిగింది, గడువు ఎప్పటిదాకా, ప్రస్తుత స్థితి ఏమిటి – ఇవన్నీ కనబడతాయి. డాట్ ఇన్ పేర్లకు 'రిజిస్ట్రీ డాట్ ఇన్' చూడాలి. యజమాని పేరు, ఫోను నంబరు మాత్రం 2018లో ఐరోపా గోప్యతా చట్టం వచ్చిన తర్వాత చాలావరకు దాచేస్తున్నారు. అది ఒక ఇబ్బందే.

ఈ పట్టీని చదవడం కూడా నేర్చుకోవాలి. పదిహేనేళ్లుగా ఒక్కచోటే వున్న పేరు పోయిన వారమే వేరే దేశపు రిజిస్ట్రారు దగ్గరికి మారి, ఈ వారం సగం ధరకు వేలంలోకి వచ్చిందంటే అది తోలుకొచ్చిన గొడ్డు కావచ్చు. 'రిడెంప్షన్ పీరియడ్' అని వుంటే గడువు దాటిన పేరు, పాత యజమాని ఇంకా విడిపించుకోగలడు. 'సర్వర్ హోల్డ్' అని వుంటే రిజిస్ట్రీయే దాన్ని ఆపివేసిందన్నమాట. కారణం తెలియకుండా ముట్టుకోరాదు. 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' అని కనబడితే భయపడనక్కరలేదు. అది మామూలు తాళం, వుండడమే మంచిది.

అమ్మకందారును ఇంకొక పరీక్ష పెట్టవచ్చు. మీరు చెప్పిన నాలుగు మాటలను ఆ పేరు తాలూకు టెక్స్ట్ రికార్డులో పెట్టమనండి. పెట్టగలిగితే ఆ పేరు ప్రస్తుతం అతని చేతిలో వున్నట్టే. అయితే ఇంటి తాళంచెవి చేతిలో వున్నవాడల్లా ఇంటి యజమాని కాడు గదా! దొంగ చేతిలోనూ తాళంచెవి వుంటుంది. కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో ఆ పేరు మీద పూర్వం ఏ వెబ్‌సైటు నడిచిందో చూడాలి. 2001 నుంచి అది అందరికీ అందుబాటులో వుంది. పాత పుటల్లో అప్పటి యజమాని చిరునామా దొరికితే 'అయ్యా, మీరు ఈ పేరు అమ్మారా?' అని ఒక ఉత్తరం రాసి అడగడానికి పైసా ఖర్చుకాదు. అదే పుటల్లో ఆ పేరు మీద పూర్వం జూదమో, దొంగమందుల వ్యాపారమో నడిచినట్టు కనబడితే, ఆ పాత అపకీర్తి సెర్చి యంత్రాలలో మీకూ అంటుకుంటుంది.

లేని వేలం

పై రెండు మోసాలలో కనీసం వేలమన్నది ఒకటి వుంది. మన ప్రాంతంలో నాకు ఎదురైనది అసలు వేలమే లేని మోసం.

మా పక్క ఊరి కుర్రాడు ఒకడు కనిగిరిలో డిగ్రీ పూర్తిచేసి, మా మెట్టపొలాల్లో పండే కందులు, సజ్జలు, కొర్రలు శుభ్రం చేయించి బెంగుళూరులో వున్న మనవాళ్లకు పంపే వ్యాపారం మొదలుపెట్టాలనుకున్నాడు. మంచి ఆలోచన. మా వైపు నుంచి వలసపోయినవాళ్లు అక్కడ వేలల్లో వున్నారు. ఊరి పేరు కలిసొచ్చేలా ఒక డాట్ ఇన్ పేరు అనుకుని, వెబ్‌సైటు చేసిపెట్టేవాళ్లు ఎవరైనా వున్నారా అని ఎక్కడో వివరాలు నింపాడు. రెండు రోజులకు ఫోను వచ్చింది. ఆ పేరు వేలంలో వుంది, మరో ఇద్దరు పాడుతున్నారు, ధరావతు 15,000 కడితేనే పాటలో చేర్చుకుంటాం అని. ఒక లింకు కూడా పంపారు. అందులో గడియారం తిరుగుతున్నది, పాట పెరుగుతున్నది, అంతా నిజం వేలంలాగే వుంది. ధరావతు అన్న మాట వినగానే మావాడికి అనుమానం పోయింది. మన వేలాలన్నిటిలో వుండేదేగా! వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పులోంచి 15,000 ఫోన్‌పే చేశాడు.

పదకొండు రోజుల తర్వాత నాకు ఫోను చేశాడు. "అన్నా, పాట మనకే వచ్చిందంట. జీఎస్టీ తొమ్మిది వేలు కట్టాలంటున్నారు. కట్టమంటావా?" అన్నాడు. కట్టొద్దని, ముందు పేరు చెప్పమన్నాను. ఫోను పెట్టకుండానే నిక్సీ పట్టీలో చూశాను. ఆ పేరు ఎవరి మీదా లేదు. అసలు పుట్టనే లేదు! వేలమూ లేదు, పాడేవాళ్లూ లేరు, అమ్మేవాడికి అమ్మడానికి ఏమీ లేదు. ఆ రాత్రే వాడి చేతే ఒక రిజిస్ట్రారు దగ్గర ఆ పేరు మామూలుగా నమోదు చేయించాను. వెయ్యి రూపాయల లోపే అయింది. అదే రాత్రి 1930కి ఫోను చేసి ఫిర్యాదూ ఇప్పించాను గాని, పదకొండు రోజులలో ఆ డబ్బు ఎన్ని ఖాతాలు దాటిపోయిందో. ఫిర్యాదు నంబరు మిగిలింది. డ్వాక్రా కంతులు మాత్రం వాళ్లమ్మ పాలు పోసిన డబ్బుతో కట్టుకుంటూ వచ్చింది.

ఈ కుర్రాడు తెలివితక్కువవాడు కాడు. వేలం సంగతి తెలిసినవాడు కాబట్టే మోసపోయాడని నా అభిప్రాయం. ధరావతు, పోటీ, గడువు – మనకు బాగా పరిచయమైన ఈ తంతునంతా మోసగాడు పొల్లుపోకుండా జరిపించాడు. సరుకు ఏదీ అని అడగాలన్న ఆలోచన మాత్రం రానివ్వలేదు. ఒక్క నిమిషం పట్టీ చూసివుంటే తెలిసేది. ఇలాంటిదే తిరగేసిన మోసం కూడా వుంది: మీ దగ్గర వున్న పేరుకు లక్షలు ఇస్తామని ఉత్తరం వస్తుంది, ముందుగా ఫలానా చోట విలువ సర్టిఫికెట్టు కొనాలంటారు. సర్టిఫికెట్టు రుసుము చేతిలో పడగానే మనిషి కనబడడు.

ఇతరుల పేరు

అమ్మకందారు నిజాయితీపరుడు, పట్టీ సక్రమంగా వుంది, పాట న్యాయంగా జరిగింది అనుకుందాం. అయినా పేరు పోవచ్చు. ఆ పేరు మరొకరి వ్యాపార చిహ్నం అయితే.

ఈ విషయంలో మన తెలుగునాటి సంస్థలవే రెండు ముఖ్యమైన కేసులు వుండడం గమనార్హం. 1984లో హైదరాబాదులో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పేరును పోలిన 'డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్ డాట్ కామ్' అనే పేరును ఇతరులు నమోదు చేసుకుంటే, 2001లో ఢిల్లీ హైకోర్టు దాన్ని వాడకుండా నిషేధించింది. రెండవది అంతకన్నా పెద్దది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999లో 'సిఫీ' అన్న మాటతో కొన్ని పేర్లు నమోదు చేసుకుంది. మరొక సంస్థ ఒక అక్షరం అదనంగా చేర్చి అలాంటివే నమోదు చేసింది. బెంగుళూరు సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన ఉత్తర్వు ఇస్తే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. చివరికి 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవేకే న్యాయం చేసింది. డొమైన్ పేర్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కిందికి ఆ వివాదాలు వస్తాయని ఆ తీర్పు సారాంశం. (సత్యం కంప్యూటర్స్ కథ 2009 జనవరిలో ఏమయిందో అందరికీ తెలిసిందే. అది వేరే అధ్యాయం.)

కోర్టులకు పోనక్కర లేకుండా మధ్యవర్తి ద్వారా తేల్చే విధానాలు కూడా వున్నాయి. డాట్ కామ్ వంటివాటికి 1999 నుంచి, డాట్ ఇన్ పేర్లకు 2005 నుంచి. మధ్యవర్తి ఆ పేరును ట్రేడ్ మార్కు యజమానికి అప్పగించమని ఆదేశించవచ్చు. అప్పుడు మీరు వేలంలో కట్టిన డబ్బుకు ఎవరూ జవాబుదారీ కారు. కాబట్టి సినిమా పేరో, మందుల కంపెనీ పేరో చవకగా వస్తున్నదని ఎగబడకుండా, ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ మాట వెదికి చూడాలి. అది కూడా ఉచితమే.

అక్షరాల పోలికతో జరిగే మోసం కూడా చిన్నది కాదు. 2017లో ఒక పరిశోధకుడు రష్యన్ లిపి అక్షరాలతో ఆపిల్ కంపెనీ పేరును అచ్చు గుద్దినట్టు తయారుచేసి చూపించాడు. కొన్ని బ్రౌజర్లలో కంటితో తేడా పట్టడం అసాధ్యం. ఇప్పుడు తెలుగు లిపిలో కూడా 'డాట్ భారత్' పేర్లు వున్నాయి. మన లిపికీ కన్నడానికీ ఎంత దగ్గరి పోలికో తెలిసిందే. కాబట్టి వేలంలో కనబడిన పేరును చూసి మురిసిపోకుండా, మీ చేతులతో మీరే టైపుచేసి పట్టీలో వెదకండి.

డబ్బు ఎప్పుడు, ఎవరికి?

ఇద్దరు కొత్తవాళ్ల మధ్య బేరం కుదిరినప్పుడు డబ్బు ఊరి పెద్దమనిషి చేతిలో పెట్టడం మనకు తెలిసిన పద్ధతే. పేర్ల వ్యాపారంలో ఆ పెద్దమనిషిని ఎస్క్రో అంటారు. కొనేవాడు డబ్బు ఎస్క్రోలో వేస్తాడు. అమ్మేవాడు పేరు బదిలీ చేస్తాడు. పట్టీలో పేరు మారిందని కొనేవాడు ఒప్పుకున్నాకే డబ్బు అమ్మేవాడికి పోతుంది. పెద్ద వేలం సంస్థలు ఈ పని తామే చేస్తాయి. మోసగాళ్లు దీన్నీ వదల్లేదు. ఎస్క్రో సంస్థల నకళ్లు కూడా సృష్టించారు. ఎస్క్రోను అమ్మేవాడు చూపించకూడదు, కొనేవాడే ఎంచుకోవాలి. వాడు పంపిన లింకు మీద నొక్కకుండా చిరునామా మీరే కొట్టాలి. 'వేలం సంస్థకు కమీషను ఎందుకు దండగ, మనం బయట చూసుకుందాం' అని అమ్మేవాడు అన్న మరుక్షణం ఆ బేరం వదిలేయవచ్చు. ఆ కమీషనే మీ రక్షణ ఖర్చు.

అన్నీ సక్రమంగా జరిగినా బదిలీకి 'ఆథ్ కోడ్' అనే రహస్య సంకేతం కావాలి. అది పాత యజమాని రిజిస్ట్రారు నుంచి వస్తుంది. ఆ కోడు చేతికి వచ్చినంతమాత్రాన పేరు మీదయినట్టు కాదు. దాన్ని మీ రిజిస్ట్రారు దగ్గర వాడి, పేరు మీ ఖాతాలో కనబడి, మీ ఈమెయిలు నమోదయిన తర్వాతే డబ్బు విడుదలకు ఒప్పుకోవాలి.

ఒకవేళ డబ్బు పోయిందనుకోండి, సిగ్గుపడి దాచుకోవడంలో అర్థం లేదు. 1930కి వెంటనే ఫోను చేయాలి, సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు రాయాలి. వెంటనే అంటే గంటలలో. డబ్బు మొదటి ఖాతాలో వుండగానే బ్యాంకు ఆపగలుగుతుంది. లావాదేవీ నంబరు, అవతలి యూపీఐ చిరునామా, వేలం పుట ఫొటోలు, ఫోను నంబర్లు చెరిపేయకుండా వుంచుకోవాలి. కంప్యూటరు ద్వారా వేరొకరిగా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా వుంటాయి. దొంగిలించిన పేరు కొన్నారని తెలిస్తే రిజిస్ట్రారు తాలూకు ఫిర్యాదుల విభాగానికి కూడా రాయాలి.

పేరు చేతికి వచ్చినవారు చేయవలసిన పనులు రెండు మిగిలి వుంటాయి. ఖాతాకు రెండంచెల తాళం పెట్టుకుని, బదిలీ తాళం వేసివుందో లేదో చూసుకోవడం ఒకటి. నమోదుకు ఇచ్చిన ఈమెయిలు కాలేజీది కాకుండా చూసుకోవడం రెండవది. చదువు ముగిశాక కాలేజీ ఈమెయిలు ఆగిపోతే, మరుసటి ఏడు శిస్తు కట్టమని వచ్చే నోటీసు మీకు చేరదు, మీ పేరు కూడా వేలంలోకి పోతుంది.